ఆ ఒక్క ‘యాడ్’ మాటే అసలు పరీక్ష

సీసీఎన్‌ఏ కోచింగ్ పూర్తి చేసినవాళ్లను స్విచ్ అంటే ఏమిటని అడగండి. ‘లేయర్ 2 డివైజ్ సార్, మ్యాక్ అడ్రస్ చూసి ఫ్రేమ్ పంపిస్తుంది’ అని టకీమని చెప్పేస్తారు. మరి ఆ మ్యాక్ అడ్రస్ స్విచ్ టేబుల్‌లో లేకపోతే? చాలామంది అక్కడ ఆగిపోతారు. నిజానికి ఆ ఫ్రేమ్‌ను స్విచ్ వచ్చిన పోర్టుకు తప్ప ఆ వీల్యాన్‌లోని అన్ని పోర్టులకూ పంపేస్తుంది.

మనం స్విచ్ కాన్ఫిగరేషన్‌ను కమాండ్ల జాబితాగా చదువుతున్నాం. నా లెక్కలో అది దండగ. సిస్కో స్విచ్‌లో ప్రశ్నార్థకం గుర్తు కొడితే కమాండ్లన్నీ అదే చూపిస్తుంది. దానికోసం బట్టీ ఎందుకు? కంపెనీ జీతం ఇచ్చేది ఎంటర్ కొడితే ఏం ఆగిపోతుందో ముందే చెప్పగలిగినవాళ్లకి.

ఒక ఉదాహరణ చూడండి. ఒక ఆఫీసులో రెండు అంతస్తులు, రెండు స్విచ్‌లు, మధ్యలో ఒక ట్రంక్ లింక్. దాని మీద అకౌంట్స్‌కి వీల్యాన్ 10, స్టాఫ్‌కి 20, కెమెరాలకి 30 నడుస్తున్నాయి. కొత్తగా వైఫై కోసం 40 కలపాలి. మీరు ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 40’ అని కొట్టారనుకోండి. ఎర్రర్ ఏమీ రాదు. కానీ పాత జాబితా మొత్తం చెరిగిపోయి 40 ఒక్కటే మిగులుతుంది. 10, 20, 30 ఆ లింక్ దాటలేవు. ‘వీల్యాన్’ తర్వాత ‘యాడ్’ అన్న ఒక్క మాట పడాల్సింది, పడలేదు. మీరు ఆ స్విచ్‌లోకి లాగిన్ అయ్యింది కూడా ఆ ట్రంక్ మీదుగానే, పాత వీల్యాన్‌లో అయితే మీ స్క్రీన్ కూడా అక్కడే గడ్డకడుతుంది. ఇక కన్సోల్ కేబుల్ పట్టుకుని బండి తీయాల్సిందే, అర్ధరాత్రయినా సరే.

అనుభవం ఉన్నవాళ్లు దూరం నుంచి ఇలాంటి పని మొదలుపెట్టే ముందు ఉన్న కాన్ఫిగరేషన్‌ను సేవ్ చేసి, ‘రీలోడ్ ఇన్ 10’ అని కొడతారు. పని చెడి లింక్ పోయినా, 10 నిమిషాలకు స్విచ్ తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది. మార్పులు రన్నింగ్ కాన్ఫిగ్‌లోనే ఉన్నాయి, సేవ్ కాలేదు కాబట్టి పాత స్టార్టప్ కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ కొట్టి, ఆ తర్వాతే సేవ్ చేస్తారు. రీస్టార్ట్ అయితే ఆ స్విచ్ మీదున్న అందరికీ నెట్‌వర్క్ పోతుంది కాబట్టి జనం లేని వేళ చూసుకోవాలి. ఈ రెండు కాన్ఫిగ్‌ల తేడా మీద ప్రశ్న అడిగితే పుస్తకంలో వాక్యం అప్పజెప్పకండి, ఈ సంగతి చెప్పండి.

స్పానింగ్ ట్రీ సంగతీ అంతే. దాన్ని 1985లో రేడియా పెర్ల్‌మన్ రూపొందించారని అందరికీ తెలుసు. అదెందుకు కావాల్సి వచ్చిందో మాత్రం కొందరే చెబుతారు. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌లో ఐపీ ప్యాకెట్‌లా టీటీఎల్ ఉండదు. లూప్ పడితే బ్రాడ్‌కాస్ట్ తిరుగుతూనే ఉంటుంది, ఎవరో ఒకరు కేబుల్ పీకేదాకా.

‘క్లౌడ్ వచ్చాక ఇంకా స్విచ్‌లేంటి?’ అంటారా? ఆ క్లౌడ్ ఉండేది డేటా సెంటర్లలో. అక్కడి ర్యాకుల్లో ఉండేవీ స్విచ్‌లే.

ప్యాకెట్ ట్రేసర్ ఉచితమే. రెండు స్విచ్‌లు, నాలుగు పీసీలు పెట్టి, కావాలనే ‘యాడ్’ మానేయండి. పింగ్ ఆగిపోయాక ‘షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్’లో ఏం మారిందో వెతకండి. పాడుచేసి బాగుచేయడానికి ఒక ఆదివారం చాలు. అయితే కన్సోల్ కేబుల్ పెట్టడం, పాస్‌వర్డ్ పోయిన స్విచ్‌ను దారికి తేవడం అసలు డబ్బా మీదే అలవాటవుతాయి. అందుకే ఫీజు కట్టే ముందు ల్యాబ్ చూపించమనండి. కేబుల్ మీ చేతికిస్తే చేరండి. ‘ప్రొజెక్టర్ మీద చూపిస్తాం’ అంటే పక్క బిల్డింగ్ మెట్లెక్కండి. అమీర్‌పేటలో ఇన్‌స్టిట్యూట్లకేం కొదవ?