ఖాళీ అయిందని ఎవరు చెప్పాలి?

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్ళలో వినిపించే మొదటి ప్రశ్న: "అక్కడ క్వార్టర్ ఖాళీ అయిందా?" కాగితం మీద ఖాళీ అనే ఉంటుంది. సామాను లారీతో వెళ్ళి తలుపు తడితే, లోపల పాతవాళ్ళ పిల్లలు ఇంకా పరీక్షలకు చదువుకుంటూ ఉంటారు. మాలో కొందరికి ఇది అనుభవమే. వరండాలో పెట్టెల మీద కూర్చుని గడిపిన రాత్రిని మేము మరచిపోలేదు.

కంప్యూటర్‌లోనూ ఇదే జరుగుతుంది. తెరమీద బొమ్మ గీయడానికి సీపీయూ ఆదేశాలు సిద్ధం చేసి జీపీయూకి అప్పగిస్తుంది. ఆ పని పూర్తయ్యేదాకా ఆగకుండా వేరే పనిలోకి వెళ్ళిపోతుంది. ఇద్దరూ వాడే మెమరీ లెక్క చూసేది గ్రాఫిక్స్ డ్రైవర్. జీపీయూ ఇంకా చదువుతున్న చోటును డ్రైవర్ ఖాళీ అనుకుని మరొక ప్రోగ్రామ్‌కు ఇచ్చేస్తే తెరపై మచ్చలు పడవచ్చు, యంత్రం నిలిచిపోవచ్చు, ఒకరి సమాచారం మరొకరి చేతిలో పడవచ్చు. ఎవరు ముందు చేరారన్నదాన్ని బట్టి ఫలితం మారిపోయే ఇలాంటి లోపాన్ని రేస్ కండిషన్ అంటారు.

"వందసార్లు నడిపాం, ఏమీ కాలేదు" అనే మాట మేమూ ల్యాబ్‌లో అంటుంటాం. అది రుజువు కాదు. గ్రాఫిక్స్ డ్రైవర్‌లో కాకపోయినా, లైనక్స్ కెర్నల్ మెమరీ విభాగంలోనే 'డర్టీ కౌ' అనే రేస్ కండిషన్ 2007 నుంచి ఉంది. దాన్ని సరిచేసింది 2016 అక్టోబరులో. ఎంతమంది నిపుణులు చూసినా అన్నేళ్ళు నిలిచింది.

కొందరు "కాసేపు ఆగి ఖాళీ చేస్తే చాలు" అంటారు. మేము ఒప్పుకోం. ఎంతసేపు ఆగాలో ఊహించడం కూడా పందెమే. లైనక్స్‌లో దీనికి ఫెన్స్ అనే పద్ధతి ఉంది. పని ముగిశాక జీపీయూ వైపు నుంచే సంకేతం వస్తుంది, అప్పుడే ఆ మెమరీని ముట్టుకోవాలి. ఎంతమంది వాడుతున్నారో లెక్క కూడా ఉంచాలి. లెక్క సున్నా అయ్యాకే విడుదల. ఆ లెక్క చూడడం, మార్చడం మధ్యలో ఎవరూ దూరకూడదు.

తాళాలు ఎక్కువైతే వేగం తగ్గుతుందన్నది నిజమే. రెండు తాళాలను ఇద్దరు చెరో వరుసలో పట్టుకుంటే ఇద్దరూ కదలలేరు. అందుకే అందరూ ఒకే వరుస పాటించాలి, పని కాగానే వదలాలి. తాళమే వద్దనడం మాత్రం పరిష్కారం కాదు.

మన ల్యాబ్‌లో రాసేవన్నీ ఒంటరిగా నడిచే ప్రోగ్రాములే. ఒకే లెక్కను రెండు థ్రెడ్లు మార్చే అభ్యాసం ఒక్కటైనా చేయించాలని మా కోరిక. తప్పు ఎలా దాక్కుంటుందో అప్పుడే తెలుస్తుంది.

ఖాళీ అయిందని చెప్పాల్సింది వాడుతున్నవారే. వాళ్ళు తాళంచెవి ఇచ్చాకే ఇంకొకరికి ఇవ్వాలి. మెమరీకైనా, క్వార్టర్‌కైనా అంతే.