దల్మా బాబా మనకేమీ కాడా?

ఊరి నుంచి చుట్టాలొస్తే జంషెడ్‌పూర్ మాంగోలోని తెలుగువాళ్లం ఏం చూపిస్తాం? జూబ్లీ పార్కు, డిమ్నా సరస్సు, ఓపికుంటే బిష్టుపూర్ రామమందిరం. డిమ్నా గట్టు మీద ఫొటోలు దిగుతుంటే వెనకాల దల్మా కొండ పడుతూనే ఉంటుంది. ఆ కొండ మీద గుహలో దల్మా బాబాగా శివుడున్నాడని ఒక్కరూ చెప్పరు. అడిగితే "అదా, ఏనుగుల అడవి" అని తేల్చేస్తారు.

ఏనుగులున్నాయి, కాదనను. దల్మా 1976లో అభయారణ్యమైంది. విస్తీర్ణం 193 చదరపు కిలోమీటర్లు. కానీ సర్కారు బోర్డు పెట్టకముందు నుంచే ఆదివాసులకు ఆ కొండే దైవం. ఎండాకాలంలో సెందరా వేటకు బయలుదేరే ముందు కొండకు మొక్కందే అడుగు వేయరు. శివరాత్రికి, శ్రావణ సోమవారాలకు చుట్టుపక్కల జనం దల్మా బాబా దగ్గరికి కొండెక్కుతారు. వాళ్ల శ్రావణం మనకంటే పక్షం ముందే మొదలవుతుంది. అప్పటికి మనకింకా ఆషాఢమే. ఆ వంకతో మనం ఇంట్లోనే ఉండిపోతాం.

"స్థలపురాణం లేదు, గోపురం లేదు, అదేం క్షేత్రం?" అంటారు. ఆ మాట శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ల నోటే వింటే ఒళ్లు మండుతుంది. మన ముఖలింగం కథేమిటి? సవతుల తగవు తీర్చలేక శబర నాయకుడు ఇప్పచెట్టు నరకబోతే, అందులోంచి శివుడు వెలిశాడనే కదా! ఆ మధుకేశ్వరుడు కూడా అడవిబిడ్డల దేవుడే. దల్మా వాలుల్లోనూ ఇప్పచెట్లే. చైత్రం వస్తే తెల్లారకముందే ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని రాలిన పూలు ఏరుకుంటారు. వంశధార ఒడ్డున రాజులు రాతిగుడి కట్టించారు, ఇక్కడ కట్టించలేదు. తేడా అంతే. రాజుల పోషణ దొరకని దేవుడికి మన దండం కూడా దక్కదా?

కొండ మీద కల్యాణమండపం కట్టమనడం లేదు. అది ఏనుగుల ఇల్లు, అలాగే ఉండనివ్వండి. పిల్లలకు బాబా కథ చెప్పండి. ఏడాదికొక్కసారైనా ఈ ఊరి జనంతో కలిసి కొండెక్కండి. ప్లాస్టిక్ అక్కడ పారేసి రాకండి. పురోహితులకూ ఒక మనవి. ఇక్కడ పూజ చేయిస్తూ కూడా సంకల్పంలో మనం శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పిస్తున్నారు. చెప్పించండి, తప్పులేదు. దాంతోపాటు మనం తాగే నీళ్ల సువర్ణరేఖనూ, మనల్ని కాచే దల్మానూ ఒక్కసారి తలపించండి.