142857 మాయ సంఖ్య కాదు



142857ని 2తో గుణిస్తే 285714. 3తో అయితే 428571. 6 దాకా చేసి చూడండి, అవే అంకెలు, అదే వరుస, మొదలయ్యే చోటే వేరు. 7తో గుణిస్తే మాత్రం 999999! దీన్ని మాయ సంఖ్య అంటారు. నేను ఒప్పుకోను. మాయ అనేస్తే ఇంక ఎందుకని ఎవరూ అడగరు.

1ని 7తో భాగిస్తే వచ్చేదే ఇది, 0.142857142857... అలా పోతూనే ఉంటుంది. శేషాలు వరుసగా 3, 2, 6, 4, 5, 1 వస్తాయి. 7కి సున్నా కాని శేషాలు ఆరే గదా, అన్నీ అయిపోయి మళ్లీ 1 వచ్చింది, మళ్లీ మొదటికే. 2తో గుణించడం అంటే 2ని 7తో భాగించినట్టే. 2 అనే శేషం దగ్గర మొదలవుతుంది, అంతే.

మనం 0.14 అని రాసి ఆపేస్తాం. మార్కులకి అది చాలు. "మన పిల్లలకి లెక్కలు రావు" అనే మాట కూడా ఇట్లా మధ్యలో ఆపెయ్యడం వల్లే వచ్చిందని నా అభిప్రాయం.

వార్డెన్ మేడమ్ గారూ, స్టడీ అవర్లో ఒక్కరోజు బోర్డు మాకివ్వండి. 1ని 13తో భాగిస్తాం. 13కి శేషాలు పన్నెండు ఉండొచ్చు, కానీ ఆరుకే తిరిగి వచ్చేస్తోంది. మిగతా ఆరు ఎక్కడికి పోయాయి?

— 9వ తరగతి విద్యార్థిని