ఖరగ్‌పూర్‌లో అమ్ముడుపోని ఇల్లు: లెక్కపెట్టాల్సింది రోజులు కాదు

ఇల్లు అమ్మకానికి ఉందని తెలిసిన మొదటి నెలలో జనం అడిగేది ఒక్కటే: ఎంతకి? ఆరు నెలలు దాటాక ప్రశ్న మారిపోతుంది: ఎందుకు పోలేదు? అప్పటికి ఇంట్లో మారిందేమీ ఉండదు. అవే గదులు, అదే బావి, అదే వీధి. మారింది చూసేవాళ్ల చూపు. 'ఇన్నాళ్లు ఎవరూ కొనలేదంటే ఏదో ఉంది' అన్న మాట ఒకసారి పుట్టిందంటే, ఆ 'ఏదో' ఏమిటన్నది ఎవరికి తోచినట్టు వాళ్లు పూరిస్తారు. ఒకరు వాస్తు అంటారు, ఒకరు కోర్టు కేసు అంటారు, ఇంకొకరు ఆ ఇంట్లో ఎవరో పోయారంటారు.

ఇది ఏ ఊళ్లోనైనా జరిగేదే. ఖరగ్‌పూర్‌లో మాత్రం దీని బరువు ఎక్కువగా మన వాళ్ల మీద పడుతోంది. బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ జంక్షను, వర్క్‌షాపు కట్టిన కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వాళ్లు పనికి వెళ్లి స్థిరపడ్డారు. వి.వి.గిరి కార్మిక నాయకుడిగా ఎదిగింది ఆ రైల్వే సంఘంలోనే. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించినప్పుడు ముందుగా గుర్తొచ్చిన ఊరూ అదే. అంతటి ఊళ్లో ఒక రైల్వే కుటుంబానికి సొంత ఆస్తి అంటూ ఉంటే, చాలాసార్లు అది రిటైర్మెంటు డబ్బుతో కొన్న ఒకే ఒక్క ఇల్లు.

ఆ ఇల్లు ఎక్కడుందన్నది మొదటి విషయం. ఊరి నడిబొడ్డు చాలామటుకు రైల్వే భూమి. అక్కడ ఉండొచ్చు, అమ్మలేరు. రైల్వే స్థలంలో వేసుకున్న ఇల్లు స్టాంపు కాగితం మీద చేతులు మారినా అది రిజిస్ట్రేషన్ కాదు, ఏ బ్యాంకూ దాని మీద అప్పు ఇవ్వదు. నిజంగా క్రయవిక్రయాలు జరిగేవి ఇందా, మాలంచ, ఝాపేటాపూర్ లాంటి ప్రైవేటు స్థలాల వైపు. అంటే పట్టణం పెద్దదే గానీ ఇళ్ల బజారు చిన్నది. పైగా ఉద్యోగంలో ఉన్నంతకాలం క్వార్టరు ఉంటుంది కాబట్టి కొనాల్సిన తొందర ఎవరికీ ఉండదు. రిటైరైన రోజు నుంచి మాత్రం గడియారం మొదలవుతుంది. క్వార్టరును మామూలు అద్దెకు నాలుగు నెలలు, రెట్టింపు అద్దెకు ఇంకో నాలుగు నెలలు ఉంచుకోవచ్చు. ఖాళీ చేయకపోతే గ్రాట్యుటీ నిలిచిపోతుంది. కొనేవాడు వచ్చేది ఎక్కువగా ఆ ఎనిమిది నెలల్లోనే.

ఇప్పుడు సిద్ధాంతం వైపు ఒకసారి చూద్దాం. కర్టిస్ టేలర్ అనే ఆర్థికవేత్త 1999లో ఒక వ్యాసంలో దీన్ని సూత్రీకరించాడు. మనకంటే ముందు చూసినవాళ్లు ఏదో లోపం కనిపెట్టి వదిలేసి ఉంటారని తర్వాత వచ్చినవాళ్లు ఊహిస్తారు, అందువల్ల బజారులో గడిచిన కాలమే ఇంటి నాణ్యతకు సూచికగా మారుతుంది. ఈ ఊహకు డబ్బు రూపంలో ఎంత విలువ ఉందో అమెరికాలో అనుకోకుండా తేలింది. మసాచుసెట్స్‌లో అమ్మకానికి పెట్టిన ఇంటిని జాబితాలోంచి తీసేసి, మళ్లీ కొత్తగా పెట్టి, రోజుల లెక్కను సున్నాకు తెచ్చుకునే అలవాటు ఉండేది. 2006 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర జాబితా సంస్థ దాన్ని నిషేధించింది. పక్కనున్న రోడ్ ఐలండ్‌లో అలాంటి నిషేధం లేదు. రెండిటినీ పోల్చి చూసిన పరిశోధకులు మసాచుసెట్స్‌లో సగటు అమ్మకపు ధర 16,000 డాలర్ల మేర తగ్గిందని 2013లో ప్రచురించారు. అప్పటికే ఎక్కువకాలంగా అమ్మకానికి ఉన్న ఇళ్లకు దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. ఇళ్లు మారలేదు, అసలు తేదీ బయటపడింది, అంతే.

దీన్నిబట్టి, రోజులు ఎక్కువైతే బేరం గట్టిగా ఆడొచ్చని కొనేవాళ్లు అనుకోవచ్చు. ఖరగ్‌పూర్ లాంటి చోట ఆ లెక్క తప్పుతుంది. కాలం నాణ్యతను సూచించాలంటే ఆ కాలంలో చాలామంది వచ్చి, చూసి, వద్దనుకుని ఉండాలి. బోస్టన్ శివార్లలో రెండు నెలల్లో నలభై మంది చూసి వదిలేశారంటే అది సమాచారం. ఇక్కడ ఒక ఇంటిని ఎనిమిది నెలల్లో నలుగురే చూశారనుకుందాం. ఇద్దరికి లోను రాలేదు, ఒకరికి కూతురు వేరే ఊళ్లో కొనమంది, ఒకరు ధర ఎక్కువన్నారు. ఈ నలుగురి నుంచి ఇంటి గురించి తెలిసిందేమిటి? దాదాపు ఏమీ లేదు. పలచటి బజారులో ఎక్కువకాలం పట్టడం మామూలు సంగతి. కాబట్టి కొనేవాడు అడగాల్సింది ఎన్నాళ్లుగా ఉందని కాదు, ఎంతమంది చూశారని, బేరం ఎక్కడిదాకా వెళ్లి ఆగిందని.

మరి ఆగేది ఎక్కడ? నాకు అర్థమైనంతలో గోడల దగ్గర కంటే కాగితాల దగ్గరే ఎక్కువ. ఇల్లు కట్టినాయన పోయాడు. వీలునామా లేదు. ఆయన సొంతంగా సంపాదించిన ఆస్తి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లి బతికుంటే ఆమెకూ సమానంగా వస్తుంది. ఒకరు విజయనగరంలో, ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు అమెరికాలో ఉంటారు. ఇంటిని చూపించేది ఖరగ్‌పూర్‌లో మిగిలిన ఒక్కరు. కొనేవాడు తెచ్చిన బ్యాంకు లాయరు అందరి సంతకాలూ అడుగుతాడు, భూమి కార్యాలయంలో మ్యుటేషన్ అయిందా, ఖతియాన్‌లో ఎవరి పేరుందని అడుగుతాడు. చాలాసార్లు తాతగారి పేరే ఉంటుంది. పవరాఫ్ అటార్నీ వచ్చేలోపు కొనేవాడి ఎనిమిది నెలలు అయిపోతాయి. అతను ఇంకోటి చూసుకుంటాడు. బయట వినిపించేది మాత్రం 'ఆ ఇంటి బేరం మళ్లీ తప్పింది' అని. బయానా ఇచ్చి వెనక్కి తీసుకున్నారంటే ఇక చెప్పనక్కర్లేదు. (బయానా అనే మాట బెంగాలీలోనూ దాదాపు అదే కాబట్టి పుకారుకు అనువాదం కూడా అక్కర్లేదు.)

అమ్మేవాళ్ల వైపు నుంచీ ఒక ముడి ఉంది. డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ బోస్టన్ ఫ్లాట్ల అమ్మకాలను పరిశీలించి 2001లో రాసిన దాని సారం ఇది: కొన్న ధర కంటే తక్కువకు అమ్మాల్సి వస్తుందనుకున్న యజమాని ఎక్కువ ధర చెబుతాడు, ఎక్కువకాలం ఆగుతాడు. మన దగ్గర ఆ ధరకు బదులు ఇంకో లెక్క ఉంటుంది. తమ్ముడు శ్రీకాకుళంలో సెంటు ఎంతకి అమ్మాడో అన్నకి తెలుసు. బెంగాల్‌లో కాఠా అంటే 720 చదరపు అడుగులు, సెంటు అంటే 435.6. ఆ భాగహారం చేసి, ఊరి ధరను ఖరగ్‌పూర్ స్థలానికి తగిలిస్తారు. రెండు ఊళ్లలో కొనేవాళ్లు వేరు, అవసరాలు వేరు అన్నది ఆ భాగహారంలో కనిపించదు.

ఎక్కువ ధరతో మొదలుపెట్టడం ఎప్పుడూ తెలివితక్కువ పనేం కాదు. టేలర్ వాదనలోనే ఆ మెలిక ఉంది: మొదటి ధర ఎక్కువని అందరికీ తెలిస్తే, అమ్ముడుపోకపోవడాన్ని ఇంటి లోపానికి కాక ధరకు ఆపాదిస్తారు, ఇంటి పరువు నిలుస్తుంది. అయితే ఆ ధర అందరికీ తెలియాలి. ఒకే ఇంటిని నలుగురు దలాలుల చేతిలో పెట్టి, ఒక్కొక్కరు ఒక్కో ధర చెప్పే పద్ధతిలో మొదటి ధర ఏదో యజమానికే గుర్తుండదు. ఎక్కువ ధర చెప్పిన నష్టం మిగులుతుంది, దాని లాభం దక్కదు.

పాత తేదీని దాచడానికి మన దగ్గర అడ్డేమీ లేదు. మసాచుసెట్స్‌లో ఉన్నట్టు అందరూ చూసే జాబితా గానీ, తేదీ మార్చకూడదన్న నియమం గానీ మనకు లేవు. పోర్టల్లో ప్రకటన తీసేసి మళ్లీ పెడితే కొత్తదే. రెరా చట్టం బిల్డర్ల ప్రాజెక్టులకే గానీ, పాత ఇంటిని అమ్ముకునే యజమానికి వర్తించదు. అయితే చిన్న ఊళ్లో ఈ ఎత్తు పారదు. వర్క్‌షాపు గేటు దగ్గర టీ తాగేవాళ్లకు ఏ ఇంటికి ఎప్పుడు సున్నం వేశారో తెలుసు. సున్నం వేసి 'ఇప్పుడే పెట్టాం' అంటే అనుమానం ఇంకా పెరుగుతుంది.

పోనీ ప్రభుత్వం తొందరపెడితే? 2021 జూలై నుంచి బెంగాల్ ప్రభుత్వం స్టాంపు డ్యూటీలో రెండు శాతం రాయితీ ఇచ్చింది. గడువు పొడిగిస్తూ పోయి చివరికి 2024 జూన్ 30తో ఆపింది. కాగితాలు సిద్ధంగా ఉన్నవాళ్లకు అది పనికొచ్చింది. వారసుల సంతకాలు కావాల్సిన ఇంటికి రెండు శాతం ఏ మూలకు?

ఒక సంగతి ఒప్పుకోవాలి. తాళం వేసి ఉంచిన ఇల్లు నిజంగానే పాడవుతుంది. ఆ ప్రాంతపు వానాకాలం ఒకటి గడిస్తే గోడలు చెమ్మగిల్లుతాయి, రెండు గడిస్తే తలుపులు బిగుసుకుంటాయి. మొదట ఊరికే పుట్టిన అనుమానానికి మూడో ఏడాది కళ్లెదుటే సాక్ష్యం దొరుకుతుంది. కాబట్టి ఆలస్యానికి తగ్గింపు అడగడం పూర్తిగా అన్యాయం కాదు. చెమ్మకు ఎంత, పుకారుకు ఎంత అని విడదీసి బేరమాడటం వేరు, రెండూ కలిపి కొట్టేయడం వేరు.

క్రమం తిరగేస్తే చాలా ఇళ్లకు ఈ చిక్కు ఉండదు. ఇల్లు అమ్మాలని అనుకున్న రోజున దలాలుకు ఫోన్ చేసే బదులు, ముందు తోబుట్టువులందరికీ చేయాలి. సంతకాలు, మ్యుటేషన్, మునిసిపాలిటీ పన్ను రసీదులు చేతికొచ్చాకే ఇల్లు అమ్మకానికి ఉందన్న మాట బయటికి రావాలి. అప్పటిదాకా గడిచిన కాలాన్ని బజారు లెక్కపెట్టదు. ఇప్పటికే మాట బయటికొచ్చేసిన ఇళ్ల వాళ్లకు మిగిలిన దారి దాచకపోవడమే: ఇంతమంది చూశారు, ఫలానా బేరం అక్క సంతకం ఆలస్యమై తప్పింది, ఇదిగో ఇప్పుడు ఆ కాగితం వచ్చింది అని చెప్పేయడం. దలాలులు వద్దంటారు. ఇంటి మీద కథలు అల్లడానికి చోటిస్తున్నది మాత్రం ఆ మౌనమే.

1990-91లో రైల్వేలో దాదాపు పదహారున్నర లక్షల మంది ఉద్యోగులుండేవారు, ఇప్పుడు పన్నెండు లక్షల చుట్టూ ఉన్నారు. క్వార్టరు ఖాళీ చేసి ఇల్లు వెతుక్కునేవాళ్లు ఇకముందు ఇంకా తగ్గుతారు. ఈ నెలాఖరున రిటైరయ్యే ఆయన చేతిలో ఎనిమిది నెలలున్నాయి. మాలంచలో రెండేళ్లుగా అమ్మకానికున్న ఇంటిని అతను చూడటానికి వెళ్లేలోపు, దాని గురించి అతనికి ముందు ఎవరు చెబుతారన్న దాని మీదే బేరం సగం తేలిపోతుంది.