మడమ మీద రక్తపు చుక్క

ఖతార్‌లో బిడ్డ పుట్టిన కొద్ది రోజుల్లోనే మడమ మీద సూదితో గుచ్చి, ఒక రక్తపు చుక్కను కాగితానికి అద్దుతారు. ఆ చుక్కలో వెతికే జబ్బుల్లో హోమోసిస్టిన్యూరియా ముఖ్యమైనది. ఖతారీ కుటుంబాల్లో సుమారు 1,800 మంది శిశువుల్లో ఒకరికి ఇది వస్తోంది. ప్రపంచంలో ఇంత ఎక్కువగా నమోదైన చోటు మరొకటి లేదు. తరతరాల దగ్గరి సంబంధాలే దీనికి పెద్ద కారణం. మేనరికాలు చేసుకునే మనకు ఇది పరాయి కథేమీ కాదు. ఈ జబ్బులో, మాంసకృత్తుల్లోని మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఒళ్లు సరిగా వాడుకోలేదు. వైద్యం అందకపోతే కంటి కటకం పక్కకు జారుతుంది, రక్తనాళాల్లో గడ్డలు కడతాయి, చదువు వెనకబడుతుంది. ఇంటిల్లిపాదీ చేపా మాంసం తింటుంటే ఈ జబ్బున్న పిల్లాడికి తూచి పెట్టిన ముద్ద, నీళ్లలో కలిపిన పొడి. అదీ జీవితాంతం! ఈ బాధ తగ్గించాలనే అమెరికా సంస్థ సిన్‌లాజిక్, 1917లో జర్మన్ వైద్యుడు నిస్లే కనిపెట్టిన ఈ.కోలై బ్యాక్టీరియా రకానికి కొత్త జన్యువులు అమర్చింది. రోగి జన్యువును అది సరిచేయదు. పేగులోనే మెథియోనిన్‌ను విరిచేస్తుంది. ఆరోగ్యవంతుల మీద తొలి పరీక్ష ఆశాజనకంగానే ముగిసింది. కానీ 2024 ఫిబ్రవరిలో, ఫినైల్‌కీటోన్యూరియా అనే ఇలాంటి మరో జబ్బుకు తయారుచేసిన తోబుట్టువులాంటి మందు మూడో దశలో ఆగిపోయింది, సంస్థ సిబ్బందిలో ఎక్కువ మందిని తీసేసింది. అరుదైన జబ్బుల మందును మార్కెట్ దయకు వదిలితే జరిగేది ఇదే. సిద్రా ఆసుపత్రి, జీనోమ్ కార్యక్రమం, డబ్బు, అన్నిటికీ మించి ఈ పిల్లలు, అన్నీ ఖతార్‌లోనే ఉన్నాయి. ఈ పరిశోధనను ఖతారే భుజానికెత్తుకోవాలి.