పోయినవారి పాసుపుస్తకం

పెద్దకర్మ దాకా ఇంటికి బంధువులు వస్తారు, ఆ మరునాటి నుంచి సలహాలు వస్తాయి. వాటిలో అన్నిటికన్నా ఖరీదైనది, "ముందు ఒక వకీలును పట్టుకోండి" అన్నది.

మా బాబాయి 2023లో కాలం చేశారు. ఆయన పేర బ్యాంకులో నాలుగు లక్షల చిల్లర డిపాజిట్టు ఉంది. నామినీ మా పిన్ని. మరణ ధ్రువపత్రం, ఆధార్ కార్డు, పాసుపుస్తకం పట్టుకుని ఆవిడ వెంట నేనూ వెళ్ళాను. కౌంటరులోని ఉద్యోగి కాగితాలు తిరగేసి, "పిల్లలిద్దరున్నారు కదమ్మా, కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తెండి" అన్నాడు.

"నామినీని నేనే కదా బాబూ" అంది పిన్ని.

"రేపు మీ పిల్లలు కేసు వేస్తే నా ఉద్యోగం ఊడుతుంది!"

ఈ భయానికి చట్టంలో చోటు లేదు. నామినీ ఉన్న ఖాతాకు వారసత్వ ధ్రువపత్రం గానీ ప్రొబేటు గానీ అడగవద్దని రిజర్వు బ్యాంకు 2005లోనే బ్యాంకులకు చెప్పింది. కోర్టు ఆపమని ఉత్తర్వు ఇవ్వనంత వరకు, నామినీకి చెల్లించడంతోనే బ్యాంకు బాధ్యత తీరిపోతుందని బ్యాంకింగ్ నియంత్రణ చట్టమే అంటోంది. నామినీ యజమాని కాదన్నది నిజమే. ఆ సొమ్మును వారసులందరి తరఫునా అందుకొనే మనిషి మాత్రమే. 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు షేర్ల విషయంలోనూ ఈ మాటే చెప్పింది. కాబట్టి పిల్లలు తగవు పెట్టుకుంటే తల్లితో పెట్టుకోవాలి, బ్యాంకుతో కాదు. ఆ ఉద్యోగి తన భయానికి చట్టమని పేరు పెట్టి, దాని ఖర్చును ఒక విధవరాలి నెత్తిన రుద్దాడు.

ఇంట్లో చట్టపండితులకూ కొదవ లేదు. వీలునామా ఉంటే ప్రొబేటు తప్పదని ఒకరు వాదించారు. 2025లో రద్దయ్యేదాకా ఆ నిర్బంధం హిందువుల వీలునామాలకు సంబంధించి బొంబాయి, మద్రాసు, కలకత్తాల పరిధిలో ఉండేది, మన జిల్లాలకు పట్టేది కాదు. పైగా మా బాబాయి వీలునామాయే రాయలేదు!

మా బావగారు పిన్నిని ఒక వకీలు దగ్గరకు తీసుకువెళ్ళారు. ఆయన వచ్చే సొమ్ములో పదోవంతు అడిగాడు. ఫలితాన్ని బట్టి ఫీజు కుదుర్చుకోవడాన్నీ, రాబట్టిన సొమ్ములో వాటా పుచ్చుకోవడాన్నీ బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయని పిన్నికి తెలియదు. సిగ్గుపడి ఒప్పుకుంటున్నాను, నాకూ అప్పుడు తెలియదు.

నా అసలు కోపం ఇది. న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం, 1987, 12వ సెక్షను ప్రకారం స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. కోర్టుకు వెళ్ళవలసి వస్తే వకీలునూ ఇస్తారు, కోర్టు ఫీజూ భరిస్తారు. జిల్లా కోర్టులో అందుకొక కార్యాలయం ఉంది, 15100 అనే ఫోను నంబరు ఉంది. ఇంత ఉండి, ఈ మాట పిన్నికి బ్యాంకు చెప్పలేదు, వకీలు చెప్పలేదు, పుస్తకాలు చదువుతానని విర్రవీగే నేనూ చెప్పలేదు. కోర్టు ఆవరణలో టీ తాగుతుండగా ఎదుట కనిపించిన ఒక వెలిసిపోయిన బోర్డు చెప్పింది.

వకీళ్ళు అనవసరమని నేననడం లేదు. వీలునామా మీద తగవు వచ్చినా, ఇల్లూ పొలమూ పంచుకోవలసి వచ్చినా మంచి వకీలు దేవుడితో సమానం. (వారసత్వ ధ్రువపత్రం అప్పులకూ, డిపాజిట్లకూ, షేర్ల వంటి వాటికే గాని భూమికి కాదన్న సంగతి కూడా చాలామంది ఎరగరు.) మా పిన్నికి కావలసినది వ్యాజ్యం కాదు, ఒక ఉత్తరం. న్యాయసేవా సంస్థ పంపిన యువ న్యాయవాదిని 2005 నాటి ఆదేశాన్ని ప్రస్తావిస్తూ ఒకే పేజీ రాసి ఇచ్చింది. మూడు వారాలకు సొమ్ము వచ్చింది. పిన్ని దాన్ని మూడు సమభాగాలు చేసి పిల్లలిద్దరికీ పంచింది.

2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు మరింత స్పష్టమైన ఆదేశాలిచ్చింది. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో చెల్లించాలి. నామినీ లేకపోయినా, వారసుల మధ్య తగవు లేకుంటే, వాణిజ్య బ్యాంకుల్లో కనీసం 15 లక్షల దాకా కోర్టు కాగితం అడగరాదు. 2026 మార్చి 31 లోగా అమలు చేయాలని గడువు కూడా పెట్టింది. మంచిదే. కానీ 2005 నాటి ఆదేశమూ స్పష్టంగానే ఉంది కదా!

సొమ్ము చేతికందిన రోజున పిన్ని సంతకాలు పెడుతోంది. పక్క కౌంటరులో అదే ఉద్యోగి, తెల్లచీర కట్టుకున్న మరొక ఆవిడను వారసత్వ ధ్రువపత్రం తెమ్మంటున్నాడు. ఆవిడ తలూపి వెనుదిరిగింది. నేను పరుగున వెళ్ళి మెట్ల దగ్గర ఆపి, 15100 అని ఆవిడ పాసుపుస్తకం అట్ట మీద రాసిచ్చాను.