రక్షణ పోవునా?

ఈ శీర్షికలో మేము సాధారణముగా శిశుపోషణమును గూర్చియో, గృహవ్యయమును గూర్చియో ముచ్చటించుచుందుము. ఈ మాసమున నొక సోదరి పంపిన ప్రశ్న వాని నన్నిటిని వెనుకకు నెట్టినది. ఆమె దుమ్ముగూడెము ప్రాంతపు కోయ గృహిణి. బాప్తిస్మము పొందిన క్రైస్తవురాలు. వానకాలమున నామె కుమారునికి మన్యపు జ్వరము వచ్చి, యెనిమిదవ నాటికి పలుకుటయు మానెను. ఆసుపత్రి మందు వాడుచునే, అత్తగారి మాటపై నామె సమ్మక్క తల్లికి మ్రొక్కుకొనెను. బిడ్డడు కోలుకొనెను. మాఘమాసమున మేడారము జాతరకు బోయి, బిడ్డ యెత్తు బెల్లము తూచి, బంగారమని గద్దెకడ సమర్పించి వచ్చెను. నాటినుండి ప్రభువు బల్లయొద్దకు పోవుట మానెను. “నా రక్షణ పోయినదా? పోయినచో మరల దొరకునా?” ఇంతియే యామె యడిగినది.

మేమా మతమువారము కాము. తండ్రిగారి యొద్ద రామాయణ భారతములు చదువుకొన్నవారమేగాని క్రైస్తవ వేదాంతము నభ్యసించినవారము కాము. అయినను భద్రాద్రి నీడను కాపురముండి, పొరుగింటి సోదరి దుఃఖము మనకేల యని తప్పించుకొనుట భావ్యము గాదు. మా యింటివారు తెచ్చి యిచ్చిన బైబిలును, మరికొన్ని గ్రంథములను ముందుంచుకొని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గోదావరిపై నానకట్టపనులు సాగుచుండిన 1860 ప్రాంతమున, దుమ్ముగూడెమున ఇంజనీరుగా నుండిన హేగుదొరగారి ప్రోత్సాహమున చర్చి మిషనరీ సొసైటీవారు కోయల నడుమ పని మొదలిడిరి. తరువాత వచ్చిన జాన్ కెయిన్‌గారు పెక్కేండ్లచ్చట నివసించి, కోయల ఆచారములను గూర్చి వ్రాసిరి. కాలక్రమమున నా సంఘము దోర్నకల్లు మండలములో జేరినది. ఆంగ్లికను సంఘమున బిషప్పు పదవి నందిన మొదటి భారతీయులగు అజరయ్యగారు 1912 డిసెంబరు 29వ తేదీన అభిషిక్తులై యేలినది యా మండలమునే. ఇన్ని తరములు గడచినను, ఒకే చూరు క్రింద కోడలు క్రీస్తును, అత్త సమ్మక్కను గొలుచు నిండ్లు మన మన్యమున నున్నవి. ఈ ప్రశ్న యట్టి యింటనే పుట్టును.

ఇక సమాధానమన్ననో, క్రైస్తవులలోనే యొక్కటి కాదు. ఒకమారు నిజముగా రక్షింపబడినవాడు తుదివరకు నిలుచునని 1618–19 సంవత్సరములలో హాలండు దేశపు డోర్టు నగరమున గూడిన పండితసభ తీర్మానించినది. విశ్వాసి జారిపడగలడని మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీ బోధించెను. పడినవాడు దేవుని కృపచే మరల లేవగలడని ఆంగ్లికనుల నియమములు చెప్పును. చిత్రమేమనగా, 1947 సెప్టెంబరు 27వ తేదీన చెన్నపురిలో నేర్పడిన దక్షిణ ఇండియా సంఘమున ఆంగ్లికనులును, మెథడిస్టులును, డోర్టు తీర్మానమును మన్నించు ప్రెస్బిటీరియను సంప్రదాయమువారును ఒక్కటైరి! మన యేటి వెంబడి దిగువకు బోయినను ఇదియే తీరు. 1836లో నరసాపుర ప్రాంతమునకు వచ్చిన బౌడెను, బీరుగార్ల సహోదర సమాజమువారు రక్షణ పోదందురు. రాజమహేంద్రవరపు లూథరనులు పోవచ్చునందురు. ఇరుపక్షములకును బైబిలే యాధారము. తన గొఱ్ఱెలను తన చేతినుండి యెవరును అపహరింపలేరని క్రీస్తు చెప్పినట్లు యోహాను సువార్తలో నున్నది. వెలుగును రుచిచూచి తొలగినవారిని మరల త్రిప్పుట యసాధ్యమని హెబ్రీయుల కొరకు వ్రాయబడిన పత్రికలో నున్నది.

ఈ వివాదమును జదువుచుండగా మాకు మన శ్రీవైష్ణవుల తగవు జ్ఞప్తికి వచ్చినది. భగవంతుని శరణు జొచ్చినవాడు తల్లి పొట్టను కరచుకొన్న కోతిపిల్లవలె నుండవలెనని వేదాంతదేశికుల (1268–1369) ననుసరించు వడకలైవారును, తల్లి నోట గరచికొనిపోవు పిల్లికూనవలె నుండిన జాలునని పిళ్లై లోకాచార్యుల ననుసరించు తెంకలైవారును వాదింతురు. ఈ రెండు మతముల సిద్ధాంతములు ఒక్కటే యని మేము చెప్పము. ప్రశ్న మాత్రము ఒక్కటే. పట్టుకొన్నది తల్లియా, పిల్లయా? భద్రాచలమున గుడిమెట్లకడ కోతుల నెన్నియోమారులు చూచితిమి. పిల్ల పట్టు సడలినపుడు తల్లి యొక చేయి దాని వీపునకు ఆనించి, మూడు కాళ్లతో నడచును. పండితులు కోతిపిల్ల పట్టునే చూచిరిగాని తల్లి చేతిని చూచిరో లేదో!

తెలుగు బైబిలులోని ‘రక్షణ’ యను మాటనే విచారింపుడు. మనము నగ పోయినదన్నట్లు రక్షణ పోయినదందుము. కాని రక్షణము నగ గాదు, రక్షించువాని పని. కాపరి కాచుట మానెనా యని యడుగవలెనుగాని, గొఱ్ఱె తన కాపుదలను ఎచ్చట జారవిడిచినదని యడుగుట సరియైన ప్రశ్న గాదు. గోలకొండ చెరసాలలో గోపన్న రాముని నెన్ని నిష్ఠురములాడెనో మనమెరుగుదుము. అలుక వేరు, విడుచుట వేరు. ఆ నిష్ఠురము గూడ రామునితోనే గదా!

ఈ సోదరి స్థితికి మిక్కిలి దగ్గరైన దృష్టాంతము క్రైస్తవుల పురాచరిత్రలోనే దొరకినది. క్రీ.శ. 250లో రోము చక్రవర్తి డేషియసు ప్రజలందరును దేవతలకు బలి యర్పించి, అధికారుల యొద్ద నిదర్శన పత్రములు పొందవలెనని శాసించెను. పెక్కుమంది క్రైస్తవులు ప్రాణభయమున నర్పించిరి. కొందరు లంచమిచ్చి పత్రము కొనిరి. ఉపద్రవము చల్లారిన పిదప వీరు చర్చి వాకిట నిలిచి యేడ్చిరి. వీరిని మరల సంఘమున చేర్చుకొనరాదని రోమున నోవేషియను పట్టుబట్టెను. కార్తేజి బిషప్పు సిప్రియను, పశ్చాత్తాపమునకు తగిన గడువు నుంచి, చేర్చుకొనవలెననెను. సంఘము సిప్రియను మార్గమునే నడచినది. తన ప్రాణమునకు వెరచి ధూపము వేసినవానికే తలుపు తెరచినపుడు, కన్నకొడుకు ప్రాణమునకు వెరచిన తల్లికి మూయుదురా?

అత్తగారిని నిందింపరాదు. ఆమె యెరిగిన తల్లి సమ్మక్కయే. మనుమని కొరకు నామెనే పిలిచినది. బెల్లము సమర్పించుట మా దృష్టిలో పాపము గాదు. కాని “అందులో తప్పేమున్నదమ్మా, దేవుడందరికి నొక్కడే” యని యీ సోదరిని ఓదార్చుట మాత్రము అన్యాయము. ఆమె యొకనికే మాట యిచ్చినది. ఆ మాటకు లోపము వచ్చినదని నొచ్చుకొనుచున్నది. ఆ నొప్పిని తేలికపరచిన, ఆమె భక్తినే తేలికపరచినట్లగును. హెబ్రీయుల పత్రిక భయపెట్టునది యేడ్చువారిని గాదని మా బుద్ధికి తోచుచున్నది. తృణీకరించి పోయినవాడు తన రక్షణ పోయినదా యని పత్రికలకు ఉత్తరములు వ్రాయడు. “నేను రక్షింపబడితిని, ఇక భయము లే”దని తూకములో తగ్గించు వర్తకుడే (అట్టివా రన్ని మతములందును గలరు) ఆ పత్రికను మెల్లగా చదువవలసినవాడు.

ఆమె ప్రభువు బల్లకు దూరముగ నుండుట మాత్రము మాకు నచ్చలేదు. అయ్యగారితో చెప్పుటకు నోరు రానిచో, మొదట అమ్మగారితో చెప్పవలెను. స్త్రీ మాట స్త్రీకి తెలియును. కొంతకాలము వేచియుండుమనినచో వేచియుండవలెను. ఇంటికి వచ్చి అత్తగారితో కలహింప బనిలేదు. బిడ్డడు పెద్దవాడై మేడారపు మాట యడిగినపుడు దాచక చెప్పవలెను: ఆ రాత్రి నాయనమ్మ యేమనినదో, తా నేల మ్రొక్కుకొనెనో, అటుపిమ్మట ఎవరియొద్దకు మరలి పోయెనో.